పోత చిప్పుల మీద నాంచారమ్మ వాంగ్మూలం

ఒకటో వాంగ్మూలం

నా పేరు కంచర్ల నాంచారమ్మ. ఊరు అద్దకాలగట్టు. పాత ఊరిని సముద్రం తీసుకున్నాక మా అద్దకం వాళ్ళమంతా ఈ గట్టు మీదికెక్కాం. టేకు చెక్కల మీద అచ్చులు చెక్కి, గుడ్డ మీద అద్దే ఇల్లు మాది. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే పంచాయితీ పెట్టె రాసుకుంటోంది. రాసింది చదివి చూసుకోలేను కాబట్టి ప్రతి మాటా తిరిగి వినిపించమని, విన్నాకే వేలిముద్ర వేస్తున్నాను.

ఇది సలోమి మీద నా ఫిర్యాదు. సలోమి అంటే చిప్పుల బొమ్మలు గీసే మనిషి. పై గట్ల నుంచి మేము పిలిపించుకున్నాం.

మా మంచినీళ్ళ మరలో ఫిల్టర్లు అరిగిపోయాయి. కొత్తవి మా కొట్లోనే ఉన్నాయి. మర వాటిని తీసుకోదు. తాళం అడుగుతుంది. ఆ తాళం ఇనప ముక్క కాదు, అంకెల వరస. చెప్పాల్సిన కంపెనీ మూతపడి చాలాకాలమైంది, అడగటానికి అక్కడ మనిషి లేడు. మిగిలింది ఒక్కటే దారి. ఎన్ని తాళాలు ఉండటానికి వీలుందో అన్నీ ఒక్కొక్కటే పెట్టి తిప్పి చూడటం. కంపెనీవాళ్ళు పిసినారులు కాబట్టి పాతకాలపు పొట్టి తాళం పెట్టారట. పొడుగుది పెట్టి ఉంటే లోకంలోని మరలన్నీ కలిసినా తియ్యలేకపోయేవని సలోమి చెప్పింది.

దేనితో తిప్పాలన్నది సభలో తేలింది. బడిలో పాత కంప్యూటర్లున్నాయి, ఏ పనైనా చేస్తాయి, నెమ్మది. కంప్యూటర్ ఆటలకి వాడే కార్డులున్నాయి, ఒకేసారి వందల చేతులతో పనిచేస్తాయి, కానీ మా సోలార్ పలకల కరెంటంతా అవే తాగేస్తాయి. సలోమి దగ్గర మార్పు బోర్డులు కొన్ని ఉన్నాయి. మగ్గం మీద పోగులు మార్చుకున్నట్టు లోపలి అల్లిక మార్చుకోవచ్చట. పోత చిప్పులైతే ఒకటే పని, పోసింది పోసినట్టే ఉంటుంది, మార్చడానికి లేదు. కానీ మిగతా మూడూ వాటి కాలిగోటికి చాలవు, కరెంటూ కాస్తే తింటాయి.

"అంటే అచ్చు!" అన్నాను నేను. "కలంతో గీసేవాడు ఒక పువ్వు దిద్దేలోపు అచ్చుతో అద్దేవాడు చీరంతా నింపేస్తాడు. ఇంకా ఆలోచనేంటి?"

సభంతా మా వాళ్ళే. చప్పట్లు కొట్టారు.

"అచ్చులో తప్పు పడితే పిన్నిగారూ?" అంది సలోమి.

"మా ఇంటి అచ్చులో తప్పు నువ్వెప్పుడైనా చూశావా?"

"చూళ్ళేదండి. అయినా ముందు నా బోర్డుల మీద నడిపి చూద్దాం. చిప్పులొచ్చాక కూడా, మనకి తెలిసిన తాళమొకటి పెట్టి పరీక్షిద్దాం. ఒక్క పూట చాలు."

"నమ్మకం లేని చేత్తో అచ్చు చెక్కకూడదమ్మాయ్. కూర్చో" అన్నాను. కూర్చుంది.

చిప్పులు పోసే పోతశాల వాళ్ళు కూలి కింద రాగి అడిగారు. రంగులు కాచే కాగులన్నీ పడవలో ఎక్కించి పంపాం. సలోమి గీసిన బొమ్మ సీలు వేసి పంపింది. మర తెర మీద కనిపించే గుర్తు వరసని, అంటే నలుపూ తెలుపూ చుక్కల వరుసని, మా గంగరాజు కాగితం మీదికి దించి విడిగా పోతశాలకి పంపాడు. తాళం సరైనదైతే లోపలి నుంచి ఆ చుక్కల వరుసే బయటికి రావాలి. అది చూసి చిప్పు ఆగుతుంది. చిప్పులొచ్చాయి, నడిపాం.

ఆగలేదు. తాళాలన్నీ అయిపోయాయి. మొదటి నుంచి చివరి దాకా ఒక్కటీ పట్టలేదు. మర షెడ్డు అరుగు మీద జనం చేరి నా ముఖంలోకి చూస్తుంటే, పమిట చెంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చున్నాను. అంత నామోషీ నా జన్మలో పడలేదు.

కాబట్టి చెబుతున్నాను. సలోమి కావాలనే బొమ్మ తప్పు గీసింది. చిప్పులు చెడితే తన బోర్డులకి గిరాకీ వస్తుందని గీసింది. దొంగ. మా రాగి పోయింది, నీళ్ళు పోతున్నాయి. ఆమెని కింది గట్టులో దింపేసి వచ్చాం. గట్టు ఆచారం ప్రకారం ఈ ఫిర్యాదు అన్ని గట్ల మైకుల్లోనూ నా గొంతుతోనే వినిపించండి. ఫిర్యాదు తీరేదాకా ఏ పడవవాడూ ఆమెని ఎక్కించుకోకూడదు, ఏ కుళాయి వరసలోనూ చోటివ్వకూడదు.

వినిపించారు. సరిగానే ఉంది. వేలిముద్ర వేశాను.

రెండో వాంగ్మూలం

ఇది మర షెడ్డు చూసుకునే పెద్దగా నేను చెప్పాల్సిన రోజువారీ సంగతి. ఫిర్యాదుకి సంబంధం ఉందని ఈ పొద్దునే తెలిసింది.

నీళ్ళలో ఉప్పు పెరిగింది. అన్నం వార్చి గంజి నోట్లో పోసుకుంటే ఉప్పు వేసినట్టే ఉంది. మా చెల్లెలు సామ్రాజ్యానికి ఉప్పు పడదు. కాళ్ళు వాచాయి. పాదం మీద వేలు పెట్టి నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. ఇలాగే తాగితే వాపు గుండెకెక్కుతుందని డాక్టరమ్మ చెప్పింది. వాన నీళ్ళ కుండ ఒకటి మిగిలితే ఆమెకే అట్టేపెట్టాం.

పొద్దున గంగరాజు వచ్చాడు. వాడు మా అన్న కొడుకు. అచ్చులకి బొమ్మలు దించడంలో వాడంత చెయ్యి ఇంకోటి లేదు. షెడ్డులో చల్లారిన చిప్పుల మధ్య కూర్చుని ఉన్నాను.

"అత్తా, రెండో విడత పోత పోయిద్దామన్నావు కదా. ఇంకో బొమ్మగీసేవాణ్ణి చూశాను, వస్తానన్నాడు. ఆ చుక్కల కాగితం నా దగ్గరే ఉంది. మళ్ళీ తిరగేసే పంపనా?"

"మళ్ళీ అంటే?"

"మొదట తిరగేసే పంపాను కదా."

"ఎవడు తిరగెయ్యమన్నాడ్రా?"

వాడు నవ్వాడు. "బాగుంది వరస! పోతకెళ్ళేది కదా, తిరగెయ్యాలా అని అడిగితే, 'తిరగెయ్యకుండా బొమ్మ గడప దాటితే కాళ్ళిరగ్గొడతా' అని వీధంతా వినబడేట్టు కేకేసింది ఎవరు? నేనా?"

నేనే.

బయటివాళ్ళు వింటే అర్థం కాదేమోనని చెబుతున్నాను. చెక్క మీద కుడివైపు చెక్కింది గుడ్డ మీద ఎడమవైపు పడుతుంది. అందుకే చెక్కేవాడి చేతికి వెళ్ళే ఏ బొమ్మనైనా మా ఇళ్ళల్లో ముందు తిరగేస్తారు. అద్దంలో చూసినట్టు దించుతారు. ఎందుకని ఎవరూ అడగరు. అన్నం తినబోయే ముందు చెయ్యి కడుక్కున్నట్టే అది. పువ్వయితే తిరగబడిందని తెలుస్తుంది, చిలకైతే తెలుస్తుంది. నలుపూ తెలుపూ చుక్కలకి ముందేంటి, వెనకేంటి?

చిప్పు గుడ్డ మీద పడేది కాదు. అద్దేది కాదు. వచ్చినదాన్ని తన దగ్గరున్నదానితో పోల్చి చూసేది. దాని దగ్గర మేము పెట్టింది తిరగేసిన వరస. అసలు తాళం దానికి తగిలే ఉంటుంది, లోపలి నుంచి సరైన చుక్కలు వచ్చే ఉంటాయి. చిప్పు వాటిని తన తిరగేసిన వరసతో పోల్చుకుని, ఇది కాదని పక్కన పడేసి ఇంకో తాళానికి పోయింది.

సలోమి బొమ్మలో తప్పు లేదు.

"ఏంటత్తా, అలా అయిపోయావ్?" అన్నాడు గంగరాజు. వాడికి ఇంకా తట్టలేదు.

"పో. కాగితం ఇక్కడ పెట్టి పో" అన్నాను.

ఇది ఎవరికీ వినిపించొద్దు. ముద్ర తర్వాత వేస్తాను.

మూడో వాంగ్మూలం

ఆ రోజూ, మర్నాడూ నోరు విప్పలేదు. ఇది కూడా రాసుకో.

కాగితం రొంటిన దోపుకుని తిరిగాను. పొయ్యి ముందు కూర్చున్నప్పుడల్లా చెయ్యి దాని మీదికే పోయింది. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. గంగరాజుకి తట్టదు, మిగతావాళ్ళకి చిప్పంటే ఏంటో తెలియదు. కాల్చేస్తే అయిపోయేది. తప్పు ఆ అమ్మాయి మీదే ఉండిపోయేది. ఆమె ఈ గట్టు మనిషి కాదు, ఏడ్చేవాళ్ళు లేరు. ఇలా అనుకున్నాను. అనుకున్నది అనుకున్నట్టే చెబుతున్నాను.

మధ్యాహ్నం సామ్రాజ్యం కాళ్ళకి తవుడు కాపడం పెడుతున్నాను.

"ఏంటే అక్కా, నోట్లో నీళ్ళు పోసుకుని కూర్చున్నావు? ఉన్న నాలుగు చుక్కలూ నువ్వే పోసుకుంటే మాకేం మిగుల్తాయి?" అంది.

"నోర్ముయ్."

"నేను మూస్తే ఈ ఇంట్లో మాట్లాడేవాళ్ళెవరు? నువ్వు అరుస్తావు కానీ మాట్లాడవుగా."

చెప్పేశాను. మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. అది ముందు నవ్వింది. పళ్ళు లేని నోటితో పొట్ట పట్టుకుని నవ్వింది. "తిరగేశారా! నీళ్ళ మరకి కూడా చిలకల అంచు వేశారనమాట!" అంది. తర్వాత ఉన్నట్టుండి నవ్వు ఆపేసింది.

"అక్కా, ఆ పిల్ల నీళ్ళెక్కడ పట్టుకుంటోందే?"

మూట మళ్ళీ వేడిచేసి మడమ మీద పెట్టాను.

"ఏ కుళాయి దగ్గరా చోటివ్వొద్దని చెప్పావుగా. తాగుతోందా అసలు?"

నా చెల్లెలి కాళ్ళ గురించి రేయింబవళ్ళు బెంగపెట్టుకున్నదాన్ని నేను. ఆ ఒక్క సంగతి నా బుర్రకి రానేలేదు. తవుడు మూట చేతిలోంచి జారింది. కాలిందని సామ్రాజ్యం కేకేస్తే కానీ తెలియలేదు.

సాయంత్రం సభ పిలిచాను. లేచి నిలబడి, తిరగెయ్యమన్నది నేనని చెప్పాను. పరీక్ష వద్దన్నది నేను. రాగి కాగులు పోగొట్టింది నేను. మా వాళ్ళు నన్నెదిరించి ఎరగరు కదా, తిట్టడం చేతకాలేదు. అదే ఇంకా సిగ్గనిపించింది. చివరికి రంగులు కాచే సుబ్బలక్ష్మి లేచింది. "మా కాగులు అడిగితే మా మామగారి చేతివి అన్నాను. 'పోయినాయన వచ్చి అడుగుతాడా' అన్నావు నువ్వు. ఆ మాట గుర్తుందా?" అంది.

"ఉంది" అన్నాను.

ఇప్పుడు రెండోసారి పోత పోయించడానికి రాగి లేదు, టైము లేదు. తాళం తియ్యాలంటే సలోమి బోర్డులే గతి. ఫిర్యాదు తీరందే ఏ పడవవాడూ ఆమెని తీసుకురాడు. ఫిర్యాదు మైకులో చెప్పి తీసేసేది కాదు. వేసిన మనిషే ప్రతి గట్టుకీ స్వయంగా పోయి, కుళాయి వరస ముందు ఖాళీ బిందె బోర్లించి పట్టుకుని, తప్పు నాదని చెప్పాలి. చెప్పడం మొదలుపెట్టాక, వేసిన మనిషి పక్కనుంటే పడవ ఎక్కనిస్తారు. ఈ ఆచారం పెట్టినప్పుడు గట్టిగా పట్టుబట్టిన వాళ్ళలో నేనొకదాన్ని.

రేపు బయల్దేరుతున్నాను. రెండో వాంగ్మూలం కూడా వినిపించు. ముద్ర వేస్తాను.

నాలుగో వాంగ్మూలం

పంచాయితీ పెట్టె ఒళ్ళో పెట్టుకుని, పడవలో కూర్చుని చెబుతున్నాను. ఇంజను చప్పుడు పడితే పడనీ.

మొదటి గట్టులో కుళాయి దగ్గరికి పోగానే ఒకావిడ కసిరింది. "ముసలమ్మా, వరసలో రా. బిందె పెట్టేసి ముందుకొచ్చేయడమేనా?"

"నీళ్ళకి రాలేదమ్మా" అని బిందె బోర్లించాను. చెప్పాను.

వెనక నుంచి ఒకడు, "ఏంటీ? వినబడలా! మైకులో ఆ పిల్లని దొంగన్న రోజు మా గట్టు చివరిదాకా వినబడింది నీ గొంతు. ఇప్పుడేమైంది?" అన్నాడు.

గొంతెత్తి మళ్ళీ చెప్పాను. "సలోమి దొంగ కాదు. తప్పు నాది. చుక్కలు తిరగెయ్యమన్నది నేను."

"ఇంకోసారి, మా అమ్మకి చెవుడు!"

కొందరు నవ్వారు. ఇంకోసారి చెప్పాను.

రెండో గట్టులో నవ్వలేదు. అది అధ్వాన్నం. ఒకావిడ బిందె దించి నా దగ్గరికొచ్చి నెమ్మదిగా అంది. "ఆ అమ్మాయి మా వరసలోకి వచ్చిందండీ. నేనే తోసేశాను. మీ మాట విని." బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. అక్కడే ఒక షాపతను మాత్రం, "మా వాడి ఆటల కార్డులు మూలన పడున్నాయి, పట్టుకెళ్తారా?" అన్నాడు. తీసుకున్నాను.

సలోమి మూడో గట్టులో, రొయ్యల చెరువు మోటార్ల షెడ్డులో దొరికింది. నీళ్ళు తీసిన వేళ బురదలో నడిచి చేరిందట. మోటార్లు బాగుచేసినందుకు చెరువు కాపలా ఆయన తన కుండలోంచి నీళ్ళిస్తున్నాడట. పెదాలు పగిలి నెత్తురు కట్టి ఉన్నాయి. నన్ను చూసి పని ఆపలేదు.

"కుళాయి దగ్గర చెప్పి వస్తున్నాను" అన్నాను.

"విన్నాను. ఇక్కడికీ వినబడింది."

కాగితం ఇచ్చాను. చేతులు తుడుచుకుని తీసుకుంది. వెలుతురికి ఎదురుగా పట్టుకుని, ఇటు తిప్పి అటు తిప్పి చూసింది.

"ఒక్క పూట అడిగాను పిన్నిగారూ."

"అడిగావు."

"ఇవ్వలేదు."

"ఇవ్వలేదు."

"మా అమ్మ ఉన్న గట్టులో కూడా నన్ను దొంగన్నారు మైకులో."

"అన్నాను."

నేను చెప్పాల్సింది ఇంకేమైనా ఉందేమోనని చూసింది. లేదు. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను కానీ, అది కూడా ఆమె దగ్గర ఇంకోటి అడుక్కోవడమే అవుతుందని మూసేశాను.

"నువ్వు రాకపోయినా మిగిలిన గట్లకి వెళ్ళి చెబుతాను" అన్నాను. "మీ అమ్మగారి గట్టులో ఇంకా చెప్పలేదు."

లోపలికి పోయింది. బోర్డులున్న సంచీ తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టింది.

"మీ కోసం రావట్లేదండి. సామ్రాజ్యంగారి కాళ్ళెలా ఉన్నాయి?"

"వాచాయి."

"పడవ పిలవండి. వెళ్తూ వెళ్తూ మా అమ్మ గట్టు దగ్గర ఆపమనండి. మీరు చెప్పేటప్పుడు నేను పక్కన నిలబడతాను."

నిలబడింది. ఆమె తల్లి వరసలోనే ఉంది, నాకన్నా చిన్నది. నేను చెప్పిందంతా విని, నావైపు చూడకుండా కూతురి చెయ్యి పట్టుకుని కుళాయి దగ్గరికి తీసుకుపోయి, వరస దాటించి, దోసిట్లో నీళ్ళు పట్టించింది. ఎవరూ అడ్డం చెప్పలేదు.

అయిదో వాంగ్మూలం

మిగిలిన గట్లలోనూ చెప్పి ఊరికొచ్చాం. మొదట పరీక్ష చేసింది సలోమి. బోర్డుల అల్లిక మార్చి, తనకి తెలిసిన తాళమొకటి లోపల దాచి, వెతకమంది. నన్ను పక్కనే కూర్చోపెట్టింది. పూట గడవకముందే బోర్డు దాన్ని పట్టుకుని ఆగింది. ఆ ఒక్క పూటే నేనివ్వనిది. ఇంత చిన్నదని చూస్తే కానీ తెలియలేదు.

తర్వాత మర తాళం. చిప్పులు మొదలుపెట్టిన చోటి నుంచే మొదలుపెట్టింది. బోర్డులతో పాటు రెండో గట్టు నుంచి తెచ్చిన ఆటల కార్డులు కూడా కట్టాం. ఎండ ముదిరిన వేళ ఊరంతా ఫ్యాన్లు ఆపి కరెంటు వాటికే ఇచ్చింది. చెమటలు కక్కుతూ కూర్చున్నారు, తిట్టుకుంటూ కూర్చున్నారు. వాన నీళ్ళ కుండ అడుగంటింది. సామ్రాజ్యానికి పడుకుంటే ఊపిరాడటం లేదు. గోడకానించి కూర్చోపెట్టాను. రోజూ షెడ్డుకి పోయి సలోమిని ఏమీ అడక్కుండా చూసి వచ్చేదాన్ని. అడిగే ముఖం లేదు.

ఇవాళ షెడ్డులోంచి అరుపు వినబడింది. సలోమి అరవడం అదే మొదటిసారి. తాళం పట్టింది. మర కొత్త ఫిల్టర్లు తీసుకుంది. గంగరాజు గంతులేశాడు, ఆ వయసులో.

జనమంతా కుళాయి దగ్గరికి పరిగెత్తాక నేను షెడ్డులో ఉండిపోయాను.

"ఈ తాళం మన చిప్పులకి ఎప్పుడు తగిలింది?" అని అడిగాను.

"ఎందుకండీ ఇప్పుడు?"

"వాంగ్మూలంలో ఉండాలి."

చెప్పడం ఇష్టం లేక వైర్లు చుట్టడం మొదలుపెట్టింది. నేను కదల్లేదు.

"మొదటి రోజే పిన్నిగారూ. చిప్పులు నడవడం మొదలుపెట్టిన మధ్యాహ్నమే. మీరు అరుగు మీద నిలబడి అందరికీ బెల్లం ముక్కలు పంచుతున్నారు చూడండీ, అప్పుడు."

బెల్లం నాకు బాగా గుర్తుంది. సలోమికి కూడా పెట్టాను. 'చూశావా అచ్చు దెబ్బ' అని పెట్టాను.

ముందే ఆమె బోర్డుల మీద నడిపి ఉంటే ఈపాటికి ఎప్పుడో అయిపోయేది. రాగి కాగులు మా పెరట్లోనే ఉండేవి. ఆమె పెదాలు పగిలేవి కాదు. పంచాయితీకి నేను అడిగేది ఒక్కటే. తీరిపోయింది కదా అని నా ఫిర్యాదు చెరిపెయ్యొద్దు. చెరిపితే నేను ఆ మాటలు అననట్టవుతుంది. అన్నాను. నా గొంతుతో అన్నది అలాగే ఉంచి, దాని పక్కన ఇది ఉంచండి.

కుళాయి దగ్గరికి పోయేసరికి వరస ఆగి ఉంది. కొత్త నీళ్ళు మొదట షెడ్డు పెద్ద పట్టుకోవాలి. అది పద్ధతి. నా కోసమే ఆగారు. సలోమి కూడా వరసలో వెనకెక్కడో నిలబడి ఉంది, అందరిలాగే. ముందుకి రమ్మని చెయ్యి ఊపాను. తల అడ్డంగా ఆడించి అక్కడే ఉండిపోయింది.

బిందె పట్టుకుని నిలబడ్డాను. కుళాయి కింద పెట్టడానికి చేతులు రాలేదు. అందరూ చూస్తున్నారు. తల ఎత్తలేకపోయాను.

సామ్రాజ్యాన్ని కుర్చీతో సహా మోసుకొచ్చి నీడలో దించారు. ఎగరొప్పుతూనే అక్కణ్ణుంచి కేకేసింది.

"ఏమేవ్ అక్కా! సిగ్గుపడేదేదో ఇంటికొచ్చాక పడు, నేనూ సాయం పడతాను. దాహంతో చస్తున్నాం, ముందు బిందె పెట్టవే!"

బిందె పెట్టాను.